నీటి ఆంక్షలకు ముందు మీటర్లు సరిచూడండి

సంపాదకులకు,

నమస్కారం. ఎండలు ముదిరి, నాగార్జునసాగర్ నీటిమట్టం పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కగానే హైదరాబాద్‌లో నీటి వాడకంపై ఆంక్షల మాట వస్తుంది. ఆ మాట ఎప్పుడూ కార్లు కడగడంతోనే మొదలవుతుంది. 2024 మార్చిలో బెంగళూరులోనూ అంతే. తాగునీటితో వాహనాలు కడిగినా, తోటలకు పెట్టినా, కట్టడాలకు వాడినా, ఫౌంటెన్లు నడిపినా రూ.5,000 జరిమానా, మళ్లీ దొరికితే రోజుకు మరో రూ.500 అన్నారు. ఇక్కడా అలాంటి ఉత్తర్వు రావాలని చాలామంది కోరుతున్నారు. నగరంలోని అపార్ట్‌మెంట్లలో సంపులు, మోటార్లు, పైపులైన్లు, మురుగుశుద్ధి యంత్రాలు (ఎస్‌టీపీలు) చూసే పనిలో ఉన్నవాళ్లుగా మేమూ దాన్ని కాదనం. కానీ ఆ జాబితాలో లేనివే ఎక్కువ నీళ్లు మింగేస్తున్నాయి. ఉత్తర్వు రాసేవాళ్లు కలం పట్టేముందు కాస్త లెక్క చూడాలని ఈ ఉత్తరం.

అరంగుళం పైపుతో కారు కడిగితే నిమిషానికి 15 లీటర్ల చొప్పున పది నిమిషాల్లో 150 లీటర్లు పోతాయి. అదే పని రెండు బకెట్లతో, ఒక గుడ్డతో అయిపోతుంది కాబట్టి నిషేధం న్యాయమే. ఇక అదే అపార్ట్‌మెంట్‌లో సంపు దగ్గరికి వెళ్దాం. సంపు నిండగానే నీళ్లు ఆపాల్సిన బాల్ కాక్ (బంతి వాల్వు) ఇరుక్కుపోయింది, నల్లా నిమిషానికి 40 లీటర్లు ఇస్తోంది, సంపు నిండాక ఇంకో గంటసేపు లైన్ వచ్చింది. 2,400 లీటర్లు నేరుగా డ్రైనేజీలో కలిశాయి. అంటే పదహారు కార్లు కడిగిన నీళ్లు. ఇది చాలాచోట్ల తెల్లవారుజామున, ఎవరూ లేవకముందే జరుగుతుంది. జరిమానా వేసేవాళ్లకూ కనపడదు, బిల్లు కట్టేవాళ్లకూ కనపడదు.

కనపడకపోవడానికి కారణం కట్టడంలోనే ఉంది. సంపు నుంచి పొర్లిన నీళ్లు పోయే పైపును మేస్త్రీలు భూమిలోంచే డ్రైనేజీ చాంబర్‌కి కలిపేస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, నేల తడవదు. దానివల్ల రెండు నష్టాలు. పొర్లుతున్న సంగతి తెలియదు, ఇది మొదటిది. వానాకాలంలో డ్రైనేజీ నిండినప్పుడు ఆ మురుగే అదే పైపులో వెనక్కి వచ్చి తాగే నీళ్లలో కలుస్తుంది, ఇది ఇంకా పెద్దది. కాబట్టి మేమైతే ఉత్తర్వులో మొదటి వాక్యంగా ఇది రాస్తాం: సంపుదైనా, మిద్దె మీది ట్యాంకుదైనా, పొర్లే నీటి పైపు గేటు దగ్గరో వాచ్‌మన్ గది ముందో అందరికీ కనిపించేలా బయటికి తెరుచుకోవాలి, దాని మూతికి దోమల జాలీ ఉండాలి. ఖర్చు నాలుగు పైపు ముక్కలు, రెండు ఎల్బోలు, ఒక పూట కూలి. ఆ పైపులోంచి ధార పడుతుంటే వీధిలో పోయేవాళ్లే పిలిచి చెబుతారు.

బాల్ కాక్ సంగతి కూడా కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సంపులో మూత కింద ఉండేసరికి దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది మూడు రకాలుగా పాడవుతుంది. బంతికి పగులు వచ్చి లోపల నీళ్లు చేరితే తేలదు. ఊపి చూస్తే గలగలమంటుంది, మార్చేయాలి. కడ్డీ వంగితే బంతి గోడకు తగిలి ఆగిపోతుంది. వాషర్ అరిగితే బంతి పైకి లేచినా సన్నగా కారుతూనే ఉంటుంది. బోరు నీళ్లు కూడా అదే సంపులో కలిపేచోట సున్నం పట్టి పిన్ను బిగుసుకుంటుంది. ప్లాస్టిక్‌ది పెడితే లైన్ ప్రెషర్ ఎక్కువున్న ప్రాంతాల్లో ఏడాది తిరక్కుండానే సతాయిస్తుంది. ఇత్తడిది, హై ప్రెషర్ రకం కొనడమే మేలు. దానికి ముందు ఒక గేట్ వాల్వ్ తప్పక ఉండాలి, లేకపోతే రిపేరుకు లైన్ ఆగేదాకా కూర్చోవాలి. మూడు నెలలకోసారి మూత తీసి, బంతిని చేత్తో పైకెత్తి, ధార పూర్తిగా ఆగుతోందా లేదా చూస్తే చాలు.

మిద్దె మీది ట్యాంకుది ఇదే కథ, కానీ అక్కడ నీళ్లతోపాటు కరెంటు కూడా పోతుంది. మోటార్ వేసి వాచ్‌మన్ వేరే పనికి వెళ్తాడు. నిమిషానికి 60 లీటర్లు ఎక్కించే మోటార్ ఇరవై నిమిషాలు ఎక్కువ నడిస్తే 1,200 లీటర్లు. దీనికి లెవెల్ కంట్రోలర్ పెట్టుకున్నామంటారు. ట్యాంకులో వేలాడే స్టీలు కడ్డీల సెన్సర్లు మన బోరు నీళ్లకు ఆరు నెలల్లో తెల్లగా పొర కట్టి, నీళ్లు తగిలినా తెలియని స్థితికి వస్తాయి. తేలే స్విచ్ రకం కొంత నయం. అన్నిటికంటే చవకైన ఉపాయం మోటార్ స్టార్టర్‌కు టైమర్ రిలే. ట్యాంకు నిండటానికి మామూలుగా 40 నిమిషాలు పడితే 45కి కట్ అయ్యేలా పెట్టండి. సెన్సర్ మొరాయించినా నష్టం అయిదు నిమిషాలకే పరిమితం.

ఇక అసలు ప్రశ్న, ఆంక్ష దేనిమీద పెట్టాలి? మన నగరంలో ఇంతకాలం నీళ్లు తగ్గించాలంటే ఒకటే పద్ధతి: లైన్ వదిలే సమయం తగ్గించడం, లేదా రోజు విడిచి రోజు వచ్చేవాటిని మూడో రోజుకు నెట్టడం. నగరానికి నీళ్లిచ్చే జలమండలికి అది తేలిక, వాల్వ్ తిప్పితే సరిపోతుంది. కానీ దాని భారం ఎవరి మీద పడుతుందో చూడండి. గంటన్నర వచ్చే లైన్ ముప్పావుగంట వస్తే వీధిలో అందరూ ఒకేసారి లాగుతారు. లైన్ మొదట్లో ఉన్న, 20,000 లీటర్ల సంపు ఉన్న ఇంటికి వచ్చేది వస్తుంది. చివర్లో ఉన్న, సంపే లేక డ్రమ్ముల్లో పట్టుకునే బస్తీ ఇంటికి వచ్చేది గాలి. సమయం కోత అంటే చివరి ఇంటికి కోత, అంతే. కోత వాడకం మీద పడాలంటే దాన్ని లీటర్లలో చెప్పాలి. లీటర్లలో చెప్పాలంటే మీటరు కావాలి.

దానికి పునాది ఇప్పటికే ఉంది. 2021 జనవరిలో మొదలైన పథకం కింద ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. రోజుకు 666 లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో మనిషికి 133. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు కేంద్ర ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లే కాబట్టి ఆ అంకె సరిగ్గా సరిపోయింది. కొరత ముదిరితే అదే లెక్కను మెట్లుగా దించవచ్చు. మొదటి మెట్టులో 20,000 దాటిన ప్రతి వెయ్యి లీటర్లకు రేటు బాగా పెంచడం. రెండో మెట్టులో హద్దు 15,000, అంటే మనిషికి వంద. మూడోది, నిజంగా గడ్డుకాలం వస్తే, 10,000. మనిషికి 67 లీటర్లు. ఇది కష్టమే గానీ అసాధ్యం కాదు, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి 50 లీటర్లకు దిగింది. ఇంట్లో అయిదుగురికంటే ఎక్కువమంది ఉంటే తలకింత చొప్పున పెంచాలి. లేకపోతే ఉమ్మడి కుటుంబానికి శిక్ష, ఇద్దరే ఉన్న విల్లాకు బహుమతి అవుతుంది.

ఏ మెట్టు ఎప్పుడన్నది కూడా ముందే ప్రకటించాలి. కృష్ణా నీళ్లు సాగర్ వెనక పుట్టంగండి దగ్గర ఎత్తి, అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడినుంచి కోదండాపూర్‌లో శుద్ధిచేసి నగరానికి తెస్తారు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. 510 కంటే తగ్గితే పుట్టంగండిలో అత్యవసర పంపింగ్ మోటార్లు దించాల్సి వస్తుంది. గోదావరి నీళ్లయితే ఎల్లంపల్లి నుంచి రావాలి, అదింకా దూరం. గండిపేట, హిమాయత్‌సాగర్‌లు పక్కనే ఉన్నా, 1920, 1927 నాటి ఆ రెండు చెరువులు ఇప్పటి నగరాన్ని ఒంటిచేత్తో మోయలేవు. అందుకని 510కి ఇంకో పది అడుగులు ఉండగానే మొదటి మెట్టు దానంతట అదే అమలవుతుందని జనవరిలోనే చెబితే జనం సిద్ధపడతారు. ఏప్రిల్ చివర్లో రాత్రికి రాత్రి ఉత్తర్వు ఇస్తే అందరూ చేసే పని ఒకటే, ఉన్న డ్రమ్ములన్నీ నింపిపెట్టుకోవడం. ఆ వారం వాడకం పెరుగుతుంది.

మీటర్ల మీద జనానికి నమ్మకం లేదన్నది నిజం. కొంత న్యాయం కూడా ఉంది. మనకు లైన్ ఇరవైనాలుగు గంటలూ రాదు. ఆగిన ప్రతిసారీ పైపులో గాలి నిండుతుంది, మళ్లీ వదలగానే ముందు ఆ గాలి మీటర్లోంచి దూసుకొస్తుంది, నీళ్లు రాకముందే ముల్లు గిర్రున తిరుగుతుంది. దీనికి మందు ఇంటి దగ్గర కాదు, వీధి లైన్‌లో ఎత్తైన చోట్ల పనిచేసే ఎయిర్ వాల్వులు ఉండటం. వాటిని సరిచేయడం జలమండలి పని. ఇంటివాళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది. మీటరు గుంటలో నీళ్లు నిలవకూడదు. మీటరు మీద బాణం గుర్తు నీళ్లు పోయే దిక్కుకే ఉండాలి. మీటరుకు ముందున్న జాలీలో ఇసుక చేరితే ధార తగ్గుతుంది, రోడ్డు తవ్వి పైపులు వేసిన ప్రతిసారీ దాన్ని కడగాలి.

సరిచూడటం ఇలా. నల్ల అంకెలు వెయ్యి లీటర్ల లెక్క, ఎర్రవి అంతకు తక్కువవి. లైన్ బాగా వస్తున్నప్పుడు, మొదటి పది నిమిషాల గాలి పోయాక, మీటరు దాటిన మొదటి నల్లా దగ్గర 20 లీటర్ల బకెట్లు అయిదు నింపండి. మీటరు 95 నుంచి 105 లీటర్ల మధ్య చూపిస్తే దాని మీద అనుమానం వదిలేయొచ్చు. తర్వాత సంపులో బాల్ కాక్‌ను తాడుతో పైకి కట్టి అన్నీ మూసేయండి. అప్పుడూ మీటరు మధ్యలోని చిన్న చక్రం తిరుగుతుంటే మీటరుకూ సంపుకూ మధ్య భూమిలో పైపు కారుతోందన్నమాట.

లైన్ లేని రోజుల్లో కారుడు పట్టాలంటే కర్ర చాలు. రెండున్నర మీటర్లు బై రెండు మీటర్ల సంపులో సెంటీమీటరు ఎత్తు 50 లీటర్లు. రాత్రి పదకొండుకు మోటార్ ఆపి కొలిచి, పొద్దున అయిదుకు మళ్లీ కొలవండి. మట్టం దిగితే సంపు గోడో, అడుగో కారుతోందేమో చూసుకోవాలి. మిద్దె ట్యాంకుకూ ఇదే పరీక్ష: కిందికి దిగే పైపుల గేట్ వాల్వులు మూసి ఒక రాత్రి, తెరిచి ఒక రాత్రి. తెరిచిన రాత్రి రెండు, నాలుగు గంటల మధ్య మట్టం దిగితే ఎవరింట్లోనో కారుతోంది. పదిలో ఎక్కువసార్లు అది ఫ్లష్ ట్యాంకే. దాంట్లో నాలుగు చుక్కల ఇంకు వేసి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉండండి, కమోడ్‌లో రంగు దిగితే అడుగు వాషర్ పోయినట్టే. నిమిషానికి పావులీటరు కారినా రోజుకు 360 లీటర్లు. ముగ్గురి నీళ్లు చప్పుడు లేకుండా పోతాయి.

అపార్ట్‌మెంట్లలో పెద్ద చిక్కు వేరే ఉంది. జలమండలి కనెక్షన్ ఒకటే, మీటరు ఒకటే, నీళ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో సమానంగా పంచేస్తారు. పొదుపు చేసినవాడికీ చేయనివాడికీ ఒకటే బిల్లు. ఫ్లాటుకో మీటరు పెట్టుకోమని సలహా ఇవ్వడం తేలిక. పాత కట్టడాల్లో ప్రతి ఫ్లాటుకూ వంటింటికొకటి, బాత్రూమ్‌కొకటి చొప్పున మూడు నాలుగు షాఫ్టుల నుంచి పైపులు వస్తాయి. అంటే ఫ్లాటుకు మూడు నాలుగు మీటర్లు. అదీగాక పై అంతస్తు నల్లాకు ట్యాంకు రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, మధ్యలో మీటరు పెడితే షవర్ చుక్కలు చుక్కలుగా వస్తుంది. కొత్త కట్టడాలకు ఒకే ఇన్‌లెట్ ఉండేలా అనుమతి దశలోనే నిబంధన పెట్టాలి. పాతవాటికి మేం చెప్పేది చిన్న పని: వాచ్‌మన్ రోజూ ఒకే సమయానికి బల్క్ మీటరు రీడింగ్, బోరు మోటార్ నడిచిన గంటలు, ట్యాంకర్ల లెక్క లిఫ్టు పక్కన బోర్డు మీద రాయాలి. కింద మొత్తాన్ని ఉంటున్నవాళ్ల సంఖ్యతో భాగించి తలకెన్ని లీటర్లో రాయాలి. 60 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురైతే మనిషికి 135 చొప్పున రోజుకు 32,400 లీటర్లు రావాలి. యాభై వేలు కనిపిస్తే అసోసియేషన్ మీటింగ్‌లో పిల్లల ఈతకొలను గురించి గొడవపడేముందు పైపులు చూడాలి.

నల్లాలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీళ్లు తగ్గించే జాలీ మూతులు) తప్పనిసరి అన్నది బెంగళూరు ఉత్తర్వులో మంచి భాగం. ఇక్కడ గుడ్డిగా అనుకరిస్తే చెడుతుంది. మామూలు నల్లా నిమిషానికి 10 నుంచి 12 లీటర్లు ఇస్తుంది. లీటరు సీసా ఆరు సెకన్లలో నిండితే పది లీటర్లన్నట్టు. ఏరేటర్ దాన్ని ఆరుకో మూడుకో దించుతుంది. కానీ దానికి కనీసం అయిదారు మీటర్ల ఎత్తు నుంచి ప్రెషర్ కావాలి. అయిదంతస్తుల కట్టడంలో కింది మూడు అంతస్తుల్లో చక్కగా పనిచేసేది, పై అంతస్తులో ఉమ్మినట్టు వస్తుంది, వారంలో పీకి పారేస్తారు. అక్కడ వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్‌ను సగానికి తిప్పి వదిలేస్తే ఖర్చు లేకుండా అదే ఫలితం. బకెట్ నింపే నల్లాకు ఏరేటర్ దండగ, బకెట్ ఎలాగూ నిండాలి కదా. పాత బిబ్ కాక్‌లకు మూతి దగ్గర మరలు ఉండవు, వాటికి ఏరేటర్ ఎక్కదు. కొనేముందు మరలు లోపలా బయటా చూసుకోవాలి. బయట మర ఉంటే 22 మిల్లీమీటర్లది, లోపల ఉంటే 24ది సాధారణంగా సరిపోతుంది. బోరు నీళ్లు కలిసేచోట నెలకోసారి విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో గంట నానబెట్టకపోతే జాలీ పూడుకుపోతుంది.

ఫ్లష్ ట్యాంకులో ఇటుక పెట్టే సలహా దయచేసి ఎవరూ పాటించొద్దు. ఇటుక కరిగి, ఆ పొడి వాషర్ కింద చేరి, ఆపుదామనుకున్న దానికంటే ఎక్కువ కారుతుంది. ఇసుక నింపి మూత బిగించిన లీటరు సీసా పెట్టుకోవచ్చు. పది లీటర్ల ట్యాంకుకు తగ్గట్టు చేసిన పాత కమోడ్‌లో మరీ తగ్గిస్తే ఒకటికి రెండుసార్లు ఫ్లష్ చేయాల్సి వస్తుంది, అడ్డంగా పోయే పొడవాటి మురుగు పైపుల్లో మలం నిలిచిపోతుంది. మార్చగలిగితే 3, 6 లీటర్ల రెండు బటన్ల రకానికి కమోడ్, ట్యాంకు కలిపి మార్చాలి.

లైన్‌కు నేరుగా మోటార్లు బిగించేవాళ్లపై 2025 ఏప్రిల్‌లో జలమండలి ప్రత్యేక డ్రైవ్ పెట్టింది, మోటార్ జప్తు, రూ.5,000 జరిమానా. మా పూర్తి మద్దతు. పక్కింటి నీళ్లు లాక్కోవడం ఒక్కటే కాదు తప్పు. మోటార్ పీల్చేటప్పుడు వీధి పైపులో ప్రెషర్ సున్నాకంటే కిందికి పోతుంది. పైపుకు ఎక్కడ చిన్న కన్నం ఉన్నా, పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. మురుగు కలిసిన నీళ్లు ప్రాణాలు తీస్తాయని 2009 మేలో భోలక్‌పూర్ చూసిన నగరం మనది. తనిఖీ మాత్రం లైన్ వస్తున్న సమయంలోనే జరగాలి. పదకొండు గంటలకు ఆఫీసు తెరిచాక వస్తే మోటార్లు మంచాల కింద ఉంటాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకంతస్తు ఇంటికైనా వీధి లైన్‌లో కనీసం 7 మీటర్ల ప్రెషర్ (నీళ్లు అంత ఎత్తుకు ఎక్కగలిగేంత) ఉండాలని 1999 నాటి కేంద్ర మాన్యువల్‌లోనే ఉంది. మోటార్ జప్తు చేసే సిబ్బంది చేతిలో ప్రెషర్ గేజ్ కూడా ఉండి, ఆ వీధిలో వచ్చిన అంకెను రసీదు మీద రాయాలి. ఏడు లేని చోట జరిమానాతోపాటు వాల్వు రిపేరుకు తేదీ కూడా ఇవ్వాలి.

కట్టడాల విషయంలో నిషేధం ఒక్కటే సరిపోదు, వేరే నీళ్లు చూపాలి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్ల మురుగుశుద్ధి కేంద్రాలు ఉన్నాయి. క్యూరింగ్‌కు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడపడానికి, ఆ శుద్ధిచేసిన నీళ్లు వాడితే స్లాబు పాడవుతుందని మేస్త్రీల భయం. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటుకు వాడే నీళ్ల పీహెచ్ 6కి తగ్గకూడదు, ఇనుప కడ్డీలుండే ఆర్‌సీసీకి క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్లు 400 దాటకూడదు. ట్యాంకర్‌తోపాటు ఈ మూడు అంకెల ల్యాబ్ చీటీ ఇవ్వడం మొదలుపెడితే సగం భయం పోతుంది. ఇనుముకు తగిలే కాంక్రీటు కలపడానికి మంచి నీళ్లు, పైన నిలిపే క్యూరింగ్‌కు శుద్ధిచేసినవి అని విడదీసినా ఎంతో మిగులుతుంది. స్తంభాలకు పైపుతో కొట్టడం మాని గోనెపట్టాలు చుట్టి తడిపితే, నీళ్లు కారిపోకుండా ఏడు రోజుల తడి నిలుస్తుంది. సిమెంటులో ఫ్లైయాష్ ఉంటే పది రోజులు తడపాలి, ఇక్కడ మాత్రం పొదుపు పనికిరాదు.

ట్యాంకర్ నీళ్ల గురించి రెండు సంగతులు. 5,000 లీటర్లు వచ్చాయా లేదా అన్నది పైన చెప్పిన కర్రే చెబుతుంది. ఆ కొలత సంపులో నీళ్లు ఒక మీటరు ఎత్తు పెరగాలి. ప్రైవేటు ట్యాంకర్ అయితే తేటగా ఉన్నా క్లోరిన్ కలపాలి: వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ రెండున్నర గ్రాములు, అంటే ట్యాంకర్‌కు 13 గ్రాములు. బకెట్‌లో కలిపి, తేరాక పై నీళ్లు మాత్రమే సంపులో పోసి అరగంట ఆగాలి. ఆ తర్వాత పరీక్ష చుక్కలతో చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, లేకపోతే ఇంకొంచెం. తెరిచి పెట్టిన పాత సంచిలోని పౌడర్‌కు బలం ఉండదు.

ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు పాత్రలు తోమడానికి, ఇల్లు తుడవడానికి వాడండి. వెయ్యి టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) ఉన్న బోరు నీళ్లు పోస్తే వదిలేవి పదమూడు వందలకు పైనే ఉంటాయి, కుండీల్లో పోస్తే ఆకుల అంచులు మాడతాయి. అసలు జలమండలి నీళ్లకు చాలా ఇళ్లలో ఆర్వో అక్కరే లేదు, కానీ ఆ చర్చ ఇంకో ఉత్తరానికి.

ఇంకుడు గుంతలు ఎండాకాలంలో నీళ్లివ్వవు, తవ్వడానికి మాత్రం ఇదే సమయం. వంద చదరపు మీటర్ల మిద్దె మీద 800 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. ఐదోవంతు పోయినా 64,000 భూమిలోకి దిగాలి. మన కింద గ్రానైట్ రాయి, దాని పైన మొరం. గుంత మొరం దాటి మెత్తబడిన రాయిని తాకకపోతే అది వాననీటి తొట్టి అవుతుంది తప్ప ఇంకదు. ఉన్న గుంతల్లో చాలావాటి జబ్బు పై పొర ఇసుక మట్టి పట్టి బిగుసుకోవడం. మే నెలాఖరులోగా ఆ అరడుగు ఇసుక తీసి కడిగి మళ్లీ పోయాలి. ఆంక్షల ఉత్తర్వులోనే దీనికీ గడువు పెట్టవచ్చు.

చివరగా మినహాయింపులు, జవాబుదారీ. ఆసుపత్రులను, ముఖ్యంగా డయాలసిస్ కేంద్రాలను హద్దుల్లోంచి తప్పించాలి. నాలుగు గంటల డయాలసిస్‌కు 120 లీటర్ల శుద్ధమైన ద్రావణం పోతుంది, దాన్ని తయారు చేయడానికి అంతకు మించి నీళ్లు కావాలి. పశువులశాలలు, స్కూళ్ల మధ్యాహ్న భోజనం వంటిళ్లు కూడా ఆ జాబితాలో ఉండాలి. జరిమానా వేసే అధికారమున్న సంస్థ తన కారుడును కూడా చూపాలి: ప్రతి డివిజన్‌లో వారానికి వదిలిన నీళ్లెన్ని, బిల్లయిన నీళ్లెన్ని, 155313కి వచ్చిన లీకేజీ ఫిర్యాదులెన్ని, వాటిలో ఇరవైనాలుగు గంటల్లో మూసినవెన్ని. ఈ నాలుగు అంకెలు సెక్షన్ ఆఫీసు గోడ మీద ప్రతి సోమవారం అంటించాలి. అవి అంటించిన డివిజన్‌లోనే పౌరులకు జరిమానా వేసే అధికారం ఉంటుందని ఉత్తర్వులో రాస్తే, లైన్‌మన్ నుంచి మేనేజర్ దాకా అందరికీ మీటర్ల మీద శ్రద్ధ పుడుతుంది.

ఇట్లు,
అపార్ట్‌మెంట్ల నీటి నిర్వహణ పనిలో ఉన్న కొందరు,
హైదరాబాద్